సలాలాలో హోటల్ ఉద్యోగం: మూడు నెలల వానకి ఇన్ని గదులా?

కోనసీమ కుర్రాడు (అమలాపురం)
మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి రాజమండ్రిలో రెండేళ్ళు, వైజాగ్ బీచ్ రోడ్డులో ఏడాదిన్నర హౌస్‌కీపింగ్‌లో పనిచేశాను. ఇప్పుడు ఒమాన్‌లోని సలాలాలో కొత్తగా తెరవబోతున్న ఒక రిసార్టుకి రూమ్ అటెండెంట్‌గా ఆఫర్ వచ్చింది. బేసిక్ 110 రియాళ్ళు, రూము, భోజనం వాళ్ళదే. సర్వీస్ చార్జీ (అతిథుల బిల్లు మీద వేసి స్టాఫ్‌కి పంచేది) కలుపుకుంటే నెలకి 200 దాటుతుందని ఏజెంట్ చెప్తున్నాడు. రియాల్ అంటే 200 రూపాయల పైమాటే కాబట్టి వినడానికి బాగానే ఉంది.

నా అనుమానం వేరే. సలాలాకి జనం వచ్చేది వానాకాలం చూడ్డానికట, అది మూడు నెలలేనట. మరి ఏటా కొత్త హోటళ్ళు ఎందుకు కడుతున్నారు? మిగతా తొమ్మిది నెలలు ఆ గదుల్లో ఎవరుంటారు? గదులు ఖాళీగా ఉంటే మాలాంటి వాళ్ళని ఏం చేస్తారు? ఇంట్లో అమ్మకి టెన్షన్. అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

—

బర్‌దుబాయ్ బాబాయ్ (దుబాయ్)
మార్చి 9, రాత్రి 11:25

ఒమాన్ ఎందుకయ్యా, దుబాయ్ చూడు. 2024లో ఇక్కడ రాత్రి బస చేసిన టూరిస్టులే 1 కోటి 87 లక్షల మంది. గదులు లక్షన్నర పైనే ఉన్నాయి, ఇంకా కడుతున్నారు. ఒక హోటల్ నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. మాకూ జూన్ నుంచి ఆగస్టు దాకా కాస్త డల్లే, కానీ ఎంత డల్లయినా ఊరు ఖాళీ అవదు. సలాలాలో సీజన్ పోతే పక్క వీధి కూడా ఖాళీయే కదా. వయసులో ఉన్నావు, పెద్ద ఊళ్ళో పని నేర్చుకో.

—

మస్కట్ సిస్టర్ (మస్కట్)
మార్చి 10, ఉదయం 6:15

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. బాబాయ్ గారూ, దుబాయ్ గొప్పదే, కాదనను. కానీ ఒమాన్‌ని దుబాయ్‌తో కొలిస్తే లెక్క తప్పుతుంది. వీళ్ళు ఎంచుకున్న దారే వేరు. మస్కట్‌లో ఆకాశాన్నంటే భవనాలు కనపడవు. ఊరంతా తెల్లటి పొట్టి ఇళ్ళు, వెనక నల్లటి కొండలు. హోటళ్ళు వస్తున్నాయి, కానీ ఒకచోట పది కాకుండా సముద్రం ఒడ్డున ఒకటి, కొండ మీద ఒకటి, ఎడారిలో గుడారాలు, అలా విడివిడిగా వస్తున్నాయి. చమురు ఎల్లకాలం ఉండదని వీళ్ళకి బాగా తెలుసు. విజన్ 2040 అని రాసుకున్న దేశ ప్రణాళికలో టూరిజం పెద్ద భాగం. 2018 మార్చిలో తెరిచిన మస్కట్ కొత్త టెర్మినల్‌ని ఏటా 2 కోట్ల మంది ప్రయాణికులు పట్టేలా కట్టారు. దేశ జనాభా చూస్తే అటూ ఇటూగా 50 లక్షలే. అంటే ఎవరి కోసం కట్టారో అర్థం చేసుకో.

తమ్ముడూ, అమ్మగారికి చెప్పు, ఇక్కడ మనుషులు నెమ్మదస్తులు. నేను పదకొండేళ్ళుగా ఉంటున్నాను. రాత్రి పూట ఒంటరిగా టాక్సీ ఎక్కడానికి ఎప్పుడూ భయపడలేదు. టాక్సీ నడిపేది ఒమానీలే, బయటివాళ్ళకి ఆ పని ఇవ్వరు. మస్కట్‌లో శివాలయం, కృష్ణుడి గుడి రెండూ ఉన్నాయి. సలాలా సంగతి మాత్రం అక్కడివాళ్ళే చెప్పాలి.

—

జగిత్యాల బాపు (జగిత్యాల)
మార్చి 10, ఉదయం 9:02

బిడ్డా, నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని. 1996లో మొదటిసారి మస్కట్ పోయిన. మధ్యలో రెండుసార్లు వచ్చి ఉండి మళ్ళీ పోయిన, మొత్తం 19 ఏండ్లు. అప్పట్ల పెద్ద హోటల్ అంటే అల్ బుస్తాన్ ప్యాలెస్ ఒక్కటే పేరు వినబడేది. 1985లో గల్ఫ్ రాజులందరి సమావేశం కోసం కట్టారట. మేం దాన్ని బస్సులోంచి చూసేటోళ్ళం. ఆ తర్వాత నా కండ్ల ముందే ఒడ్డంతా మారిపోయింది.

నేను చెప్పేది ఒక్కటే. హోటల్ లేస్తుంటే మన పల్లెలోళ్ళు వందల మంది ఉంటరు. స్లాబు పడుతుంది, టైల్స్ పడతాయి, రంగులు పడతాయి. గేటు తెరిచే రోజుకి మా చేతిలో ఇంటికి టికెట్ ఉంటుంది. కట్టే ఉద్యోగం వేరు, నడిపే ఉద్యోగం వేరు. నీది నడిపే ఉద్యోగం, కాబట్టి నీకు మంచిదే. కానీ కొత్త హోటల్ అంటున్నవు గనక, అది నిజంగా తెరుచుకునే తారీఖు ఎప్పుడో కనుక్కో. మూడు నెలల్ల తెరుస్తమన్న హోటల్ ఏడాదిన్నరకు తెరిచింది నేను చూసిన. అప్పుడు ముందుగా వచ్చిన స్టాఫ్ పిల్లలు క్యాంపుల కూర్చొని బేసిక్ మీదనే బతికిన్రు. గదులే లేకుంటే సర్వీస్ చార్జీ ఎక్కడిది?

—

హౌస్‌కీపింగ్ అక్క (సలాలా)
మార్చి 10, సాయంత్రం 7:48

తమ్ముడూ, నేను సలాలాలోనే ఉన్నాను, ఎనిమిదేళ్ళవుతోంది. మాది రాయచోటి దగ్గర. మొదట ఒక క్లీనింగ్ కంపెనీ మీద వచ్చాను. నేను దిగిన కొన్ని వారాలకే, 2018 మే నెలాఖరులో, మెకును తుఫాను కొట్టింది. రోడ్లు కొట్టుకుపోయి ఊరంతా బురద. ఇదేం చోటికి వచ్చాను రా దేవుడా అని ఏడ్చాను. తర్వాత 2021 జనవరి నుంచి పాత కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, లేకుండానే కొత్త కంపెనీకి మారొచ్చని చట్టం వచ్చింది. కాంట్రాక్టు అయిపోగానే ఇప్పుడున్న హోటల్‌కి మారాను. ఇప్పుడు ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. నువ్వు అడిగింది సరైన ప్రశ్న. తీరిగ్గా చెప్తాను.

ఇక్కడ వానాకాలాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతులు ఖరీఫ్ పంట అంటారే, అదే మాట, అరబీలోంచి మన దాకా వచ్చింది. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 వరకు అధికారిక సీజన్. కుండపోత వాన అనుకోకు. తుంపర, పొగమంచు. మనకి వానలిచ్చే నైరుతి రుతుపవనమే దాని అంచుతో అరేబియాలో ఈ మూలని తాకుతుంది. వెనకున్న కొండలు మేఘాన్ని ఆపేస్తాయి. జూన్ మొదట్లో మట్టిరంగులో ఉన్న కొండ జూలై మధ్యకల్లా పచ్చగా మారుతుంది. దాని మీద ఒంటెలు మేస్తుంటాయి. అదే కొండ దాటి తుమ్రైత్ వైపు పోతే మళ్ళీ ఎడారి, 40 దాటిన ఎండ.

2023 ఖరీఫ్‌లో 9 లక్షల 62 వేల మంది వచ్చారు. 2024లో 10 లక్షలు దాటారు. ఎక్కువమంది ఒమాన్ వాళ్ళే, తర్వాత సౌదీ, ఎమిరేట్స్, కువైట్ వాళ్ళు. చాలామంది కార్లలోనే వస్తారు. మస్కట్ నుంచి వెయ్యి కిలోమీటర్లు, దారంతా ఎడారి. పిల్లల్ని, చాపల్ని, టీ ఫ్లాస్కుల్ని వేసుకుని వచ్చి ఇత్తీన్ మైదానంలో తుంపరలో తడుస్తూ కూర్చుంటారు. మన దగ్గర వాన పడితే చూరు కిందికి పరిగెడతాం. వీళ్ళు చూరు కింద నుంచి బయటికి పరిగెడతారు.

మొన్న ఆగస్టులో జరిగింది చెప్తాను. కువైట్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన బాల్కనీ తలుపు తెరిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాళ్ళు బయట తుంపరలో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల కార్పెట్ బారెడు మేర తడిసి ముద్దయింది. నేను తువ్వాళ్ళు పరిచి తుడవడానికి వంగితే, "ఉండనీ అమ్మా, ఇవాళ మా ఊళ్ళో 50 డిగ్రీలు" అన్నాడు. నేను తలుపు మూయలేదు. ఆయన చెకౌట్ అయ్యాక ఆ కార్పెట్ ఆరబెట్టడానికి రెండు రోజులు బ్లోయరు పెట్టాం.

పని మామూలుగా ఉండదు. మిగతా రోజుల్లో మనిషికి 14 గదులు. ఆగస్టులో 18, ఒక్కోసారి 20. గదిలో అడుగుపెడితే బురద బూట్లు, తడి అబాయాలు, ఇసుక. డ్రయ్యర్లోంచి కాలిపోతున్న తువ్వాలు తీసినా ట్రాలీ మీద పైఅంతస్తుకి చేరేలోపు చెమ్మ పట్టేస్తుంది. అల్మరా మూలల్లో బూజు. వెనిగర్ నీళ్ళతో తుడవడం నాకు ఇక్కడే అలవాటైంది.

ఇక డబ్బు సంగతి. కిందటేడు ఆగస్టులో నాకు సర్వీస్ చార్జీ 95 రియాళ్ళు వచ్చింది. అదే ఏడాది మే నెలలో 11. అవును, పదకొండే. నీ ఏజెంట్ చెప్పిన 200 ఆగస్టు లెక్క. ఏడాది మొత్తానికి అది సగటు అనుకుని అప్పు చేశావంటే దెబ్బ తింటావు.

తొమ్మిది నెలలూ ఖాళీ అనడం కూడా నిజం కాదు. నవంబరు నుంచి మార్చి దాకా యూరప్ వాళ్ళు వస్తారు. పోలండ్, చెక్, జర్మనీ, ఇటలీ నుంచి చార్టర్ విమానాల్లో, అంటే టూర్ కంపెనీలు మొత్తంగా మాట్లాడుకున్న విమానాల్లో, నేరుగా సలాలాకే దిగుతారు. వాళ్ళకి మంచు నుంచి ఎండ కావాలి, అరబ్బులకి ఎండ నుంచి మంచు కావాలి. ఈ రెండు సీజన్లూ కలిసి వచ్చాకే ఇక్కడ రిసార్టులు పెరిగాయి. నిజంగా కరువుగా ఉండేది ఏప్రిల్, మే, జూన్ మొదటి మూడు వారాలు, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు అంతా. ఆ రోజుల్లో యాన్యువల్ లీవు మీద పంపేస్తారు. కొన్ని చోట్ల జీతం లేని లీవు కూడా ఇస్తారు. నువ్వు అడగాల్సింది ఇదే: యూరప్ చార్టర్ కంపెనీలతో మీ రిసార్టుకి ఒప్పందం ఉందా లేదా? ఉంటే రెండు సీజన్లు. లేకపోతే ఒకటే.

—

కోనసీమ కుర్రాడు (అమలాపురం)
మార్చి 10, రాత్రి 9:30

అక్కా, చేతులెత్తి దండం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. కార్పెట్ దగ్గర నవ్వింది. ఒక్క మాట అడగమంది: అక్కడ కొబ్బరి చెట్లు ఉంటాయట, నిజమేనా?

—

హౌస్‌కీపింగ్ అక్క (సలాలా)
మార్చి 10, రాత్రి 10:05

కొబ్బరి, అరటి, బొప్పాయి అన్నీ ఉంటాయి. తోటల పక్కన రోడ్డు పొడుగునా తాటాకు పందిళ్ళ లాంటి కొట్లు, వాటికి గెలలు గెలలుగా అరటిపళ్ళు వేలాడుతుంటాయి. బొండం కొట్టి ఇస్తారు. కోనసీమ వాడివి, నీకు ఊరు మర్చిపోయే కష్టం ఉండదు.

—

దారి చూపే (హైదరాబాద్)
మార్చి 11, మధ్యాహ్నం 12:18

నాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. ఇటు వైపు నుంచి కనిపించేది చెప్తాను. ఐదారేళ్ళ కిందట ఒమాన్ టూర్ అని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇప్పుడు నెలకి పది కుటుంబాలైనా వస్తాయి. 2024లో 6 లక్షలకు పైగా భారతీయులు ఒమాన్ వెళ్ళారు. హైదరాబాద్ నుంచి మస్కట్‌కి నేరుగా విమానం ఉంది, మూడు గంటల పైన కొంచెం. అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా ఉన్న భారతీయులకి 14 రోజుల దాకా విడిగా వీసా అక్కర్లేదు. పెళ్ళిళ్ళు కూడా మొదలయ్యాయి. మస్కట్ సముద్రం ఒడ్డు రిసార్టులో రెండు వందల మందితో మూడు రోజుల పెళ్ళి, సంగీత్ రాత్రి ఇసుకలో. ఆ మూడు రోజులూ హోటల్ గదులన్నీ మనవాళ్ళవే. శాకాహారం వంటకి మన వంటమనిషిని వెంట తీసుకెళ్ళనిస్తారా అన్నది మొదటి ప్రశ్న.

కానీ మా దగ్గర నుంచి వెళ్ళేవాళ్ళు సాధారణంగా మస్కట్, నిజ్వా కోట, వాదీ షాబ్, ఎడారి క్యాంపు చూసి నాలుగైదు రోజుల్లో వచ్చేస్తారు. సలాలా దాకా పోయేది తక్కువ. జూలైలో వాన చూడ్డానికి డబ్బు పెట్టి వెళ్ళడమేంటని అడుగుతారు. మనకి అది విశేషం కాదు కదా. అంటే సలాలా హోటళ్ళు మన టూరిస్టుల మీద ఆధారపడవు, అరబ్బుల మీద, యూరప్ వాళ్ళ మీదే నడుస్తాయి. తమ్ముడు ఆ లెక్కలోనే ఆలోచించుకోవాలి.

ఖరీఫ్‌లో సలాలా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ముగ్సైల్ దగ్గర అలలు రాళ్ళ మీద విరిగి కన్నాల్లోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. 2022 జూలైలో అక్కడే కంచె దాటి వెళ్ళిన ఒక భారతీయ కుటుంబంలో కొందరిని అల లాక్కుపోయింది, పిల్లలు కూడా ఉన్నారు. ఫొటో కోసం కంచె దాటకండి. నేను పంపే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి చెప్పే పంపిస్తాను.

—

మడికొండ (వరంగల్)
మార్చి 11, రాత్రి 8:11

అంతా బాగుంది కానీ ఒమనైజేషన్ మాటేమిటి? హోటల్ ఉద్యోగాలు వాళ్ళ పిల్లలకే ఇవ్వాలని రూల్స్ బిగిస్తున్నారు. ఇవాళ వెళ్ళి రేపు వెనక్కి రావడానికేనా?

—

హౌస్‌కీపింగ్ అక్క (సలాలా)
మార్చి 11, రాత్రి 9:40

బిగిస్తున్నారు, నిజమే. మా రిసెప్షన్‌లో ఇప్పుడు ఎక్కువమంది ఒమానీ పిల్లలే. తాకా ఊరి అమ్మాయి ఒకామె నాలుగేళ్ళ కిందట ట్రైనీగా వచ్చింది, ఇవాళ డ్యూటీ మేనేజర్. ఖరీఫ్‌లో వాళ్ళ కుటుంబం సొంత ఇంట్లో రెండు గదులు ఖాళీ చేసి అద్దెకిస్తుంది. ఆ డబ్బుతోనే తమ్ముణ్ణి చదివిస్తోంది. వాళ్ళ కొండ, వాళ్ళ వాన, వాళ్ళ సముద్రం. వాళ్ళ పిల్లలకి ముందు ఉద్యోగం దొరకడం న్యాయమే కదా, అన్నా. మన ఊళ్ళో ఫ్యాక్టరీ పెడితే మనమూ అదే అడుగుతాం.

హౌస్‌కీపింగ్, కిచెన్, లాండ్రీలో మాత్రం ఇంకా మనమే, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు. తమ్ముడు వచ్చే పోస్టుకి ఇప్పట్లో ఇబ్బంది ఉండదు. పైకి ఎదగాలంటే అరబీ రావాలి. నేను నేర్చుకున్నాను కాబట్టే సూపర్‌వైజర్‌ని అయ్యాను.

—

కొండమీది వంటవాడు (జబల్ అఖ్దర్)
మార్చి 12, రాత్రి 11:50

డ్యూటీ అయ్యాక చూశాను. మాది తణుకు వైపు. జబల్ అఖ్దర్ మీద ఒక హోటల్లో స్టాఫ్ క్యాంటీన్ వంట నాదే. ఇది రెండు వేల మీటర్ల ఎత్తు. ఇక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి విడి గిన్నెలో కందిపప్పు పెడితే గంటన్నరకీ పలుకే. వచ్చిన కొత్తలో వారం రోజులు స్టాఫ్‌కి పప్పు ఉడక్కుండానే పెట్టాను. తర్వాత పెద్ద కుక్కరు తెప్పించుకున్నాను.

సలాలా ఒక్కదాన్నే చూడకు తమ్ముడూ. ఈ కొండ మీద 2014లో ఒక పెద్ద హోటల్, 2016లో ఇంకో పెద్ద హోటల్ వచ్చాయి. అంతకుముందు చిన్నవి ఒకటి రెండు ఉండేవి. వేసవిలో కింద నిజ్వాలో 45 ఉంటే ఇక్కడ 30 అటూ ఇటూ. మస్కట్ నుంచి రెండు గంటలు. వారాంతం వస్తే గది దొరకదు. ఏప్రిల్లో గులాబీలు పూస్తాయి. ఊళ్ళోవాళ్ళు మట్టి పొయ్యిల మీద రాగి పాత్రలు పెట్టి పన్నీరు తీస్తారు. ఆ నెలంతా టూరిస్టులే. డిసెంబరు, జనవరిలో చలి చూడ్డానికి వస్తారు. అంటే ఇక్కడ సలాలాలాగా పూర్తిగా ఖాళీ అయ్యే కాలం తక్కువ. కాకపోతే కొండ మీద బతుకు ఒంటరిగా ఉంటుంది. ఫోర్ వీల్ బండి లేకపోతే కింద బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఎక్కనివ్వరు, ఏదైనా కొనుక్కోవాలన్నా కంపెనీ బండి రావాలి.

ఇంకోటి నాకు బాగా నచ్చింది. అవతలి కొండ వాలులో మిస్ఫాత్ అల్ అబ్రియీన్ అని పాత మట్టి ఇళ్ళ ఊరుంది. ఊళ్ళోవాళ్ళే కలిసి పాత ఇళ్ళని బాగుచేసుకుని గదులుగా ఇస్తున్నారు. ఖర్జూర తోటల మధ్య కాలవ గలగలా పారుతుంటుంది. ఐక్యరాజ్యసమితి టూరిజం సంస్థ 2021లో మంచి పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. సెలవు రోజున వెళ్ళి అక్కడ ఒక పూట కూర్చున్నాను. కాఫీ పోసింది ఆ ఇంటి పెద్దాయనే. అయిదు నక్షత్రాల హోటల్లో పనిచేస్తూ కూడా చెప్తున్నాను, మన పాపికొండల దగ్గర, అరకులో ఇలాంటిది ఊరివాళ్ళ చేతుల్లోనే రావాలని నా కోరిక.

—

జగిత్యాల బాపు (జగిత్యాల)
మార్చి 13, ఉదయం 8:30

ఏజెంటుకి ఎంత ఇస్తున్నవో చెప్పలేదు బిడ్డా.

—

కోనసీమ కుర్రాడు (అమలాపురం)
మార్చి 13, ఉదయం 10:12

80 వేలు అడుగుతున్నాడు బాపూ. సగం ముందు, సగం వీసా వచ్చాక. రసీదు ఇవ్వనంటున్నాడు.

—

జగిత్యాల బాపు (జగిత్యాల)
మార్చి 13, ఉదయం 10:40

ఆగు. ఇయ్యకు. మన సర్కారు లెక్క ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. రసీదు ఇయ్యాలె. లైసెన్సు ఏజెంట్ల పేర్లుండే సర్కారు ఈమైగ్రేట్ వెబ్‌సైటుల ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూడు. నువ్వు పది పాసైనవు కాబట్టి నీ పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ అయి ఉంటది, నీకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే బయట దేశం పనికి పోయేందుకు సర్కారు ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. అంటే ఎయిర్‌పోర్టుల నీ కాయితం ఎవరూ ఆపి చూడరు. చదువు రానోడికి సర్కారు ఒక కన్నేసి ఉంచుతది. చదువుకున్నోడు తన కన్ను తనే పెట్టుకోవాలె.

మా ఊరి పిలగాడు ఒకడు విజిట్ వీసా మీద పోయి అక్కడ వర్క్ వీసాకి మార్చుకోవచ్చని నమ్మిండు. ఒమాన్ వాళ్ళు 2023 చివర్ల ఆ మార్పిడి ఆపేసిన్రు. రెండు నెలలు ఒక గదిల దాక్కొని, ఫైన్ కట్టి వెనక్కొచ్చిండు. లక్షా ఇరవై వేల అప్పు. వాళ్ళ నాయిన పొలం కౌలుకిచ్చి ఇప్పటికీ కడుతుండు. విమానం ఎక్కేముందు చేతిల ఉండాల్సింది ఎంప్లాయ్‌మెంట్ వీసా. ఇంకేదీ కాదు.

—

మస్కట్ సిస్టర్ (మస్కట్)
మార్చి 13, మధ్యాహ్నం 3:20

బాపు గారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఇంకో రెండు చేరుస్తాను. 2023లో ఇక్కడ కొత్త కార్మిక చట్టం వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు, రెండు రోజులు సెలవు. అంతకు మించితే ఓవర్ టైమ్, పగలైతే 25 శాతం, రాత్రయితే 50 శాతం ఎక్కువ. ఉద్యోగం వదిలేటప్పుడు ఏడాదికి ఒక నెల బేసిక్ చొప్పున ఇవ్వాలి. ఇవన్నీ బేసిక్ మీదే లెక్క, సర్వీస్ చార్జీ మీద కాదు. అందుకే మొత్తం ఎంతొస్తుంది అని అడగకు, బేసిక్ ఎంత అని అడుగు. 110ని 130 చేయమని ఒక్కసారి అడిగి చూడు, పోయేదేముంది.

ఖరీఫ్‌లో డ్యూటీ గంటల్ని నీ పుస్తకంలో నువ్వే రాసుకో. మా వార్డుకి వచ్చే హోటల్ పిల్లల్లో నడుం పట్టేసినవాళ్ళు, సబ్బు నీళ్ళకి చేతులు పగిలినవాళ్ళు ఎక్కువ. పరుపు ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచు, నడుం వంచకు. గ్లోవ్స్ లేకుండా బాత్‌రూము కెమికల్ ముట్టుకోకు.

—

నిర్వాహకుడు
మార్చి 13, సాయంత్రం 5:00

ఏజెంట్ల ఫోన్ నంబర్లు, కంపెనీల మీద పేర్లతో ఆరోపణలు ఇక్కడ రాయొద్దని మనవి. రెండు వ్యాఖ్యలు తొలగించాం. చర్చ కొనసాగించండి.

—

కోనసీమ కుర్రాడు (అమలాపురం)
ఏప్రిల్ 2, రాత్రి 9:15

చాలా రోజులకి రాస్తున్నాను. ఆ ఏజెంట్ పేరు ఈమైగ్రేట్‌లో లేదు. వదిలేశాను. ఆఫర్ లెటర్ మీద ఉన్న హోటల్ మెయిల్‌కి నేరుగా రాశాను. మీరందరూ చెప్పిన ప్రశ్నలే అడిగాను: తెరిచే తారీఖు, చార్టర్ ఒప్పందం, డల్ సీజన్‌లో లీవు సంగతి, బేసిక్. పది రోజులు జవాబు లేదు. ఇక పోయిందనుకున్నాను. పదకొండో రోజు హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసింది. ఏజెంట్‌కి అసలు వాళ్ళు ఏ పనీ అప్పగించలేదట. హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న వేరే ఆఫీసు పేరు చెప్పింది. బేసిక్ 120 చేశారు. జీతం లేని లీవు ఏడాదికి 30 రోజులకి మించదని కాంట్రాక్టులో రాయించుకున్నాను. శీతాకాలం చార్టర్లు రెండు దేశాల నుంచి ఉన్నాయట. జూన్ మొదట్లో వెళ్తున్నాను.

బర్‌దుబాయ్ బాబాయ్ గారూ, మీ మాట కొట్టిపారేయలేదు. రెండేళ్ళు ఇక్కడ చేసి అరబీ నేర్చుకుంటే అప్పుడు దుబాయ్ ఆలోచిస్తాను.

—

బర్‌దుబాయ్ బాబాయ్ (దుబాయ్)
ఏప్రిల్ 2, రాత్రి 10:02

ఈ ప్రశ్నలన్నీ నేను వచ్చేటప్పుడు అడిగి ఉంటే రెండేళ్ళు మిగిలేవి. వెళ్ళిరా నాయనా. ఇటు రావాలనుకున్నప్పుడు నాకు రాయి.

—

కోనసీమ కుర్రాడు (సలాలా)
ఆగస్టు 17, రాత్రి 1:30

అక్క చెప్పిందంతా నిజం. ఇవాళ 19 గదులు. చేతులు మొద్దుబారాయి, అయినా నిద్ర రాక రాస్తున్నాను. మా ఫ్లోర్ చివరి గదిలో ఒక సౌదీ కుటుంబం ఉంది. నాలుగేళ్ళ పాప జీవితంలో మొదటిసారి వాన చూసిందట. కారిడార్ కిటికీ దగ్గర నిలబడి అద్దం మీద చుక్క జారినప్పుడల్లా వేలితో దాని వెంట గీస్తోంది. నేను ట్రాలీ ఆపేసి కాసేపు అక్కడే నిలబడ్డాను. మా ఊళ్ళో వరద వస్తే మంచం మీద మంచం వేసుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. వాన అంటే నాకు భయమే తెలుసు.

అమ్మకి వీడియో కాల్‌లో కొబ్బరి కొట్లు చూపించాను. బొండం ఎంతకిస్తున్నాడో కనుక్కోమంది, చెప్పాను. రూపాయల్లో మార్చి చెప్పేసరికి నోరు తెరిచింది.

—

నిజామాబాద్ చిన్నోడు (నిజామాబాద్)
అక్టోబరు 21, మధ్యాహ్నం 2:45

అన్నా, ఇప్పుడే మొత్తం చదివాను. నాకు కూడా సలాలా నుంచి కిచెన్ హెల్పర్ ఆఫర్ ఉంది. నువ్వు ఇప్పుడెలా ఉన్నావు? నిజంగా ఖాళీ అయిపోయిందా?

—

కోనసీమ కుర్రాడు (సలాలా)
అక్టోబరు 21, రాత్రి 11:10

తమ్ముడూ, లెక్క ఇదిగో. సర్వీస్ చార్జీ జూన్‌లో 6, జూలైలో 58, ఆగస్టులో 88, సెప్టెంబరులో 41 రియాళ్ళు. ఈ నెల పది వచ్చినా గొప్పే. మంచు విడిపోయింది, కొండ మళ్ళీ పసుపుపచ్చగా మారుతోంది, మా మూడో అంతస్తు మొత్తం తాళం వేసేశారు. సగం మందిని లీవు మీద పంపారు. నన్ను ఉంచారు, పరుపులు, కర్టెన్లు విప్పి ఉతికే పని అప్పగించారు. బేసిక్ 120 ఠంచనుగా పడుతోంది. ఇంటికి పంపేది దాంట్లోంచే పంపుతాను. సర్వీస్ చార్జీ విడిగా దాస్తున్నాను.

నీ ఆఫర్‌లో బేసిక్ ఎంత, మెస్ ఉందా, వీసా ఏ పేరు మీద ఉందో చూసి ఇక్కడే రాయి. మొదటి చార్టర్ నవంబరు మొదటి వారంలో దిగుతుందట. అది వచ్చాక గదులు ఎన్ని నిండాయో చూసి చెప్తాను, అప్పటిదాకా ఎవరికీ డబ్బు కట్టకు.